బొమ్మలేసినవాళ్లు పోయాక ఇంట్లోవాళ్లు ఏం చేశారు? అలాంటి పుస్తకాలు చెప్పండి

నీటిరంగు · ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. రోజూ వచ్చి చదువుకుని వెళ్లేదాన్ని, టాపిక్ పెట్టడం ఇదే మొదటిసారి.

మా నాన్నగారు జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు. పోయి ఏడాదిన్నర అయింది. కోనసీమలో ఇల్లు అమ్మేద్దామని అన్నయ్య అంటున్నాడు. పోయిన నెల వెళ్లి సర్దుతుంటే అమ్మ మంచం కింద ట్రంకు పెట్టెలోనూ, అటక మీద గోనెసంచిలోనూ కలిపి 140 దాకా బొమ్మలు బయటపడ్డాయి. ఎక్కువ నీటిరంగులు, కొన్ని పెన్సిలువి. కాలవగట్లు, లాకులు, కొబ్బరి దింపు తీసేవాళ్లు, బెంచీల మీద నిద్రపోతున్న బడిపిల్లలు. సగానికి తేదీ లేదు. చెమ్మకి కొన్నిటి మీద గోధుమరంగు చుక్కలు పడ్డాయి.

అన్నయ్యకి నాన్నంటే ప్రాణం. కానీ "మంచివి నాలుగు ఫ్రేము కట్టించుకుందాం, మిగతావి ఏం చేసుకుంటాం" అన్నాడు. నేను జవాబు చెప్పలేకపోయాను. అప్పటి నుంచీ నిద్ర పట్టడం లేదు.

పెద్ద చిత్రకారుల జీవితచరిత్రలు బోలెడున్నాయి. నాకు కావలసింది అవి కాదు. వాళ్లు పోయాక ఆ భార్యలు, తమ్ముళ్లు, పిల్లలు ఆ బొమ్మల్ని ఎక్కడ పెట్టారు, ఎవరికి చూపించారు, ఎగ్జిబిషన్లు ఎలా పెట్టించారు, ఉత్తరాలు దాచారా పారేశారా? ఇవి రాసిన పుస్తకాలుంటే చెప్పండి. ఇంగ్లిషులో ఉన్నా పర్వాలేదు, మెల్లగా చదువుకుంటాను.

పాతపుస్తకం · ఆదివారం, రాత్రి 10:40

అమ్మా, మీరు అడిగిన ప్రశ్నకి ఒక మనిషి జీవితమంతా జవాబుగా ఉంది. డచ్చి చిత్రకారుడు విన్సెంట్ వాన్ గో తమ్ముడి భార్య, యోహన్నా బోంగర్. ఆవిడతోనే మొదలుపెట్టండి.

విన్సెంట్ 1890 జూలై 29న పోయాడు. అన్నని పోషించిన తమ్ముడు థియో ఆరు నెలలు తిరక్కుండా 1891 జనవరి 25న పోయాడు. యోహన్నాకి అప్పుడు 28 ఏళ్లు. పెళ్లై రెండేళ్లు కూడా నిండలేదు. ఒళ్లో పిల్లవాడికి ఇంకా ఏడాది రాలేదు. ఆస్తిగా మిగిలింది ఎవరూ కొనని బొమ్మలు, ఒక సొరుగు నిండా ఉత్తరాలు.

1914లో ఆ ఉత్తరాలను అచ్చు వేయించినప్పుడు ఆవిడే ముందుమాట రాసింది. ఇప్పటికి నాలుగైదు సార్లు చదివుంటాను. కొత్త పెళ్లికూతురుగా పారిస్‌లో సిటే పిగాల్ అనే సందులోని ఇంటికి వచ్చిన రోజుల్ని చెబుతుంది. చిన్న బల్ల అడుగు సొరుగులో విన్సెంట్ ఉత్తరాలు. భోజనాల గదిలో బంగాళాదుంపలు తినేవాళ్ల బొమ్మ. పడకగదిలో పూలతోటలు. మంచం కింద, సోఫా కింద, బీరువాల కింద ఫ్రేము లేని కాన్వాసులు దొంతరలు దొంతరలు. మీ అమ్మగారి మంచం కింద ట్రంకు పెట్టె అనగానే నాకు ఆ పేజీ కళ్లముందు నిలిచింది.

ఆవిడ జీవితచరిత్రని హన్స్ లౌటెన్ రాశాడు. డచ్చిలో 2019లో, ఇంగ్లిషులో 2022లో వచ్చింది. పెద్ద పుస్తకమే గానీ చదివించే పుస్తకం. ముందు అది తెప్పించుకోండి.

ఐంధోవెన్_నుంచి · సోమవారం, తెల్లవారుజాము 2:05

నేను ఉద్యోగరీత్యా ఐంధోవెన్‌లో ఉంటున్నాను, మాది భీమవరం. పాతపుస్తకం గారు చెప్పినావిడని ఇక్కడివాళ్లు "యో" అంటారు. రాసేటప్పుడు జే ఉంటుంది, పలికేటప్పుడు య.

బంగాళాదుంపల బొమ్మ వేసిన న్యూనెన్ ఊరు మాకు సైకిల్ దూరం. 1885లో అక్కడే వేశాడు. ఆ మార్చిలోనే వాళ్ల నాన్న పోయాడు, ఆ ఊరి చర్చి పాస్టరు ఆయన. ఏడాది తిరగకుండా విన్సెంట్ ఊరు వదిలేశాడు, బొమ్మలు వాళ్లమ్మ దగ్గర ఉండిపోయాయి. ఆవిడ 1886లో ఇల్లు ఖాళీ చేసి బ్రెడా వెళ్లినప్పుడు ఆ పెట్టెల్ని ఒక వడ్రంగి దగ్గర పెట్టించింది. తర్వాత ఆవిడ లైడెన్ వెళ్లిపోయింది. పెట్టెలు అక్కడే ఉండిపోయాయి. చివరికి అవి పాతసామాన్ల వాడి చేతికి వెళ్లాయి. కొన్ని తోపుడుబండి మీద చిల్లర డబ్బులకి అమ్ముడయ్యాయి, కొన్ని చిరిగిపోయాయి. ఎన్ని పోయాయో లెక్క తేలదు.

ఆ తల్లి చెడ్డది కాదు. కొడుకుకి పూలు, కాగితం మీద బొమ్మలు మొదట పరిచయం చేసిందే ఆవిడ. ఇల్లు మారేటప్పుడు "తర్వాత చూద్దాం" అనుకుంది, అంతే. నీటిరంగు గారూ, ఇల్లు అమ్మేలోపు ఆ పెట్టెని మీ దగ్గరికి తెచ్చేసుకోండి. ఏం చేయాలో ఆ తర్వాత తీరిగ్గా ఆలోచించొచ్చు.

సెలయేరు · సోమవారం, ఉదయం 8:31

హాయ్ అక్కా. హైదరాబాద్‌లో బీఎఫ్ఏ చేస్తున్నాను. మా క్లాసులో వాన్ గో గురించి చెప్పినప్పుడు యో పేరు ఒక్కసారి కూడా రాలేదు! రాత్రి ఈ థ్రెడ్ చూసి మూడింటిదాకా చదువుతూ కూర్చున్నాను.

నా వంతుగా ఒకటి చెప్తాను. జూలీ మానే డైరీ. జూలీ ఎవరంటే ఫ్రెంచి చిత్రకారిణి బెర్త్ మోరిసో కూతురు, చిత్రకారుడు ఎదువార్ మానేకి తమ్ముడి కూతురు. 1874 ఏప్రిల్‌లో పారిస్‌లో ఫొటోగ్రాఫర్ నదార్ పాత స్టూడియోలో మోనే, రెన్వా, దెగా, పిసారో వాళ్లంతా కలిసి పెట్టుకున్న మొదటి ఎగ్జిబిషన్‌లో బెర్త్ కూడా ఉంది. అలాంటివి మొత్తం ఎనిమిది జరిగితే ఏడింటిలో ఆమె బొమ్మలున్నాయి. మానేసిన ఆ ఒక్కటీ 1879ది. అంతకుముందు నవంబరులోనే జూలీ పుట్టింది.

1895లో జూలీకి జబ్బు చేస్తే బెర్త్ దగ్గరుండి చూసుకుంది. ఆ జబ్బు తనకి అంటుకుని మార్చి 2న పోయింది. అన్ని ఎగ్జిబిషన్లు చేసిన మనిషి మరణ ధ్రువపత్రంలో వృత్తి అన్నచోట "ఏమీ లేదు" అని రాశారు. అది చదివినప్పుడు నాకు ఏడుపొచ్చింది అక్కా.

ఏడాది తర్వాత 1896 మార్చిలో ద్యూరాన్ రుయెల్ గ్యాలరీలో ఆమె బొమ్మలు దాదాపు 400 పెట్టారు. గోడలకి తగిలించింది ఎవరనుకున్నారు? దెగా, మోనే, రెన్వా, కవి మలార్మే, పక్కన 17 ఏళ్ల జూలీ. హాలు మధ్యలో తెర నిలబెట్టి దానికి డ్రాయింగులు పెట్టాలని దెగా పట్టుబట్టాడు. పెద్ద బొమ్మలు దూరం నుంచి కనపడవని మిగతావాళ్లు ఒప్పుకోలేదు. పెద్ద గొడవైంది. అమ్మ పోయిన ఏడాదికి, అమ్మ బొమ్మల మధ్య నిలబడి, ఆ గొడవంతా ఆ పిల్ల డైరీలో రాసుకుంది. వాళ్లంతా ఆ అమ్మాయికి అంకుల్స్‌లాంటివాళ్లు. ఆర్ట్ హిస్టరీ పుస్తకంలో మహానుభావుల్లా కనపడేవాళ్లు ఇందులో పెళ్లింట్లో పందిరి గురించి వాదించుకునే పెద్దవాళ్లలా కనపడతారు.

లెక్కల_మాస్టారు · సోమవారం, సాయంత్రం 6:20

అందరూ మెచ్చుకుంటున్నారు. నాకు ఒక అభ్యంతరం ఉంది, చెప్తాను.

అన్న తమ్ముడికి రాసుకున్న ఉత్తరాలు అవి. డబ్బు అడిగినవి, పోట్లాడినవి, తన జబ్బు గురించి భయపడినవి. అచ్చు వేయమని విన్సెంట్ చెప్పలేదు, థియో చెప్పలేదు. చనిపోయినవాళ్లని అడిగే వీల్లేదు కదా అని లోకం ముందు పెట్టేయడం సరైన పనేనా? పైగా ఆవిడ ఉన్నదున్నట్టు వేయలేదు. ఇంట్లోవాళ్లని నొప్పించే చోట్లు కొన్ని వదిలేసింది, కొన్ని పేర్లకు పొడి అక్షరాలు పెట్టింది. అంటే లోకానికి చేరిన విన్సెంట్ మరదలు ఏరి ఇచ్చిన విన్సెంట్. విన్సెంట్ చెల్లెళ్లలో ఎలిజబెత్ 1910లోనే తన జ్ఞాపకాలు పుస్తకంగా వేసింది. అందులో మరో విన్సెంట్. కుటుంబాలు రాసినవి చదివేటప్పుడు ఈ జాగ్రత్త ఉండాలని నా ఉద్దేశం.

నీటిరంగు గారు మా అమ్మాయి వయసువారై ఉంటారు. మీ నాన్నగారి వస్తువుల్లో బొమ్మలతో పాటు సొంత రాతలు ఉంటే, ఎవరికైనా చూపించేముందు మీ అమ్మగారిని అడగండమ్మా.

పాతపుస్తకం · సోమవారం, రాత్రి 9:55

మాస్టారూ, మీ మాటను తేలిగ్గా తీసిపారేయను. కానీ యో తొందరపడలేదని మాత్రం గట్టిగా చెప్తాను.

థియో పోయాక రాత్రిళ్లు ఆ ఉత్తరాలు చదువుకుంటూ గడిపింది. మొదట ఆమె వెతికింది విన్సెంట్ కోసం కాదు, థియో కోసం. భర్త గురించి ఆ పేజీల్లో ఉన్నంత ఎక్కడా లేదు. అచ్చు వేయించడానికి ఇంకో 23 ఏళ్లు ఆగింది. కారణం తనే చెప్పింది: బొమ్మలకి గుర్తింపు రాకముందే మనిషి మీద ఆసక్తి పుట్టించడం అతనికి అన్యాయం. ముందు బొమ్మ, తర్వాత మనిషి. వాళ్ల అత్తగారు 1907లో పోయారు. ఆ తల్లి బతికుండగా ఇవి బయటికి రాకపోవడం కూడా ఊరికే జరిగిందని నేను అనుకోను, అది నా ఊహ.

ఆ ఏళ్లన్నీ చేసిందేమిటో చూడండి. పారిస్ వదిలేసి బుస్సుమ్ అనే చిన్న ఊళ్లో అద్దెకి గదులిచ్చి భోజనం పెట్టే ఇల్లు నడిపింది. గోడల నిండా విన్సెంట్ బొమ్మలు. విమర్శకుల్ని పిలిచి చూపించేది. రోలాండ్ హోల్స్ట్ అనే చిత్రకారుడికి మొదట్లో ఆవిడంటే చిరాకు, తెలియని విషయం మీద ఊగిపోతుందని ఒక ఉత్తరంలో రాశాడు. అదే మనిషి 1892 చివర్లో ఆమ్‌స్టర్‌డామ్‌లో విన్సెంట్ ఎగ్జిబిషన్ దగ్గరుండి చేశాడు. కేటలాగు అట్ట మీద వాడిన పొద్దుతిరుగుడు పువ్వుని గీసింది కూడా ఆయనే. ఆ మార్పు ఆవిడ ఓపిక వల్ల వచ్చింది.

1905 వేసవిలో ఆమ్‌స్టర్‌డామ్ స్టెడెలిక్ మ్యూజియంలో హాళ్లు అద్దెకి తీసుకుని 480కి పైగా పెట్టింది. ఏవి అమ్మాలి, ఏవి అమ్మకూడదు, పక్కపక్కన ఏవి ఉండాలి, అంతా తనే చూసుకుంది. మంచివి కొన్ని "అమ్మకానికి కాదు" అని పెట్టేది. చూసినవాళ్లకి మనసు లాగుతుంది, మిగతావి కొంటారు.

ఇంకొక్క మాట. ఆవిడ విన్సెంట్‌ని చూసింది మూడుసార్లే. 1890 మేలో పారిస్ ఇంటికి వచ్చి మూడు రోజులున్నాడు. జబ్బుమనిషి వస్తాడనుకుంటే వెడల్పు భుజాలతో, ఎర్రగా, నవ్వుముఖంతో మెట్లెక్కి వచ్చాడట. థియో కన్నా గట్టిగా కనపడ్డాడట. అన్నదమ్ములిద్దరూ ఉయ్యాల దగ్గర నిలబడి నిద్రపోతున్న పిల్లవాణ్ణి చూస్తుంటే ఇద్దరి కళ్లల్లోనూ నీళ్లు. పిల్లవాడికి పెట్టిన పేరు కూడా విన్సెంటే. ఆ తర్వాత జూన్‌లో ఒకసారి, జూలైలో ఒకసారి. అంతే. ఆ కొద్ది రోజుల పరిచయంతో 35 ఏళ్లు మోసింది.

మామిడిపిందె · మంగళవారం, ఉదయం 7:10

త్వరగా ఒకటి చెప్పి వెళ్తాను, బస్సుకి టైమైంది. సినిమా దర్శకుడు జాన్ రెన్వా తన తండ్రి, పైన చెప్పిన చిత్రకారుడు రెన్వా గురించి 1962లో పుస్తకం రాశాడు. మొదటి ప్రపంచయుద్ధంలో కాలికి గాయమై కొడుకు ఇంటికొచ్చాడు. తండ్రి అప్పటికే కీళ్లవాతంతో చక్రాల కుర్చీలో. కదల్లేని ఇద్దరు మగవాళ్లు, తల్లి పోయిన ఇల్లు. ఆ రోజుల్లో తండ్రి చెప్పినవన్నీ గుర్తుపెట్టుకుని రాశాడు. తేదీల కోసం కాదు, తండ్రి గొంతు కోసం చదవాలి. తండ్రి బొమ్మలు అమ్మి సినిమాలు తీసిన కొడుకు కూడా ఆయనే. అందుకే ఆ పుస్తకంలో ప్రేమతో పాటు ఒక అప్పు కూడా ఉన్నట్టు నాకనిపిస్తుంది.

నీటిరంగు · మంగళవారం, రాత్రి 10:02

ఇంతమంది ఇంత శ్రద్ధగా రాస్తారనుకోలేదు. అందరికీ చేతులెత్తి నమస్కారం.

ఐంధోవెన్ గారు చెప్పిన వడ్రంగి కథ ఫోన్లో అన్నయ్యకి చదివి వినిపించాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "పెట్టె నేను కారులో తెస్తాలే" అన్నాడు.

మాస్టారు గారూ, అమ్మని అడిగాను. బొమ్మలతో పాటు ఒక పాత నోటుబుక్కు కూడా ఉంది. లెక్కల పుస్తకం. 1979లో పక్క టౌన్లో లైబ్రరీ హాల్లో నాన్న, ఇంకో ఇద్దరు డ్రాయింగు మాస్టార్లు కలిసి మూడు రోజులు బొమ్మలు పెట్టారు. హాలు అద్దె, మేకులు, పురికొస, అట్టలు, ఆహ్వానాల అచ్చు, అన్నీ రూపాయి పైసలతో రాసి ఉన్నాయి. చివరి పేజీలో ఒకే ఒక్క రాబడి: "లాకు బొమ్మ – రూ. 75." కొన్నదెవరో రాయలేదు. అమ్మని అడిగితే "ఆ మూడు రోజులూ పులిహోర కట్టి పంపించాను. బస్సులో ఫ్రేములు పగలకుండా పాత చీరలు చుట్టిచ్చాను" అంది. ఆ ఎగ్జిబిషన్ సంగతి మాకెవరికీ తెలియదు. నేను అప్పటికి పుట్టలేదు.

లెక్కల_మాస్టారు · మంగళవారం, రాత్రి 11:15

అమ్మా, ఆ నోటుబుక్కు బొమ్మలంత విలువైనది. ఎందుకో చెప్తాను, ఇది నా సబ్జెక్టు.

థియో పెళ్లైనప్పుడు ఇంటిఖర్చుల పుస్తకం ఒకటి మొదలైంది. అతను పోయాక యో అదే పుస్తకంలో ఏ బొమ్మ ఎవరికి, ఎంతకి అమ్మిందో రాస్తూ పోయింది. 2002లో దాన్ని అచ్చు వేశారు. చదవడానికి కథలా ఉండదు, అంకెలే. కానీ ఒక బొమ్మ ఏ ఇంటి నుంచి ఏ చేతికి వెళ్లిందో సాక్ష్యం అదే. ఇది ఎంత అవసరమంటే, 1920లలో బెర్లిన్‌లో ఒట్టో వాకర్ అనే డీలరు దాదాపు 30 దొంగ వాన్ గోలు అమ్మాడు. నిపుణులే మోసపోయారు. 1932లో కోర్టు కేసైంది. అవి ఎక్కడి నుంచి వచ్చాయని అడిగితే పేరు చెప్పకూడని ఒక రష్యన్ అమ్మాడన్నాడు. కాగితం లేదు.

నిన్న నేనన్న మాట వెనక్కి తీసుకోవడం లేదు. ఉత్తరాల సంగతి ఉత్తరాలదే. కానీ లెక్క రాసిపెట్టిన మనిషి మీద నాకు గౌరవం పెరిగింది, ఒప్పుకుంటాను.

సెలయేరు · బుధవారం, ఉదయం 9:20

మాస్టారు గారూ, ఉత్తరాలు లోకం ముందు పెట్టడం సరైనదేనా అన్నారు కదా. తగలబెట్టిన కుటుంబం కథ కూడా వినండి.

చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ 1938లో పెళ్లి కోసం హంగేరీ వెళ్లినప్పుడు ఆమె దాచుకున్న ఉత్తరాల్ని తల్లిదండ్రులు కాల్చేశారు. అందులో నెహ్రూ రాసినవి కూడా ఉన్నాయి. పరువు పోతుందని భయం. ఆమె ఇంకా బతికే ఉంది! 25 ఏళ్లు. మరో మూడేళ్లకి, 1941 డిసెంబరు 5న, లాహోర్‌లో 28 ఏళ్లకే పోయింది.

అదే కుటుంబంలో తర్వాతి తరం చూడండి. చెల్లెలు ఇందిర కొడుకు వివాన్ సుందరం, తనూ ఆర్టిస్టే. మిగిలిన ఉత్తరాలు, రాతలు పోగుచేసి 2010లో రెండు పెద్ద సంపుటాలుగా తెచ్చాడు. తాత ఉమ్రావ్ సింగ్ తీసిన ఫొటోలని కలిపి కొత్త బొమ్మలు కూడా చేశాడు. ఒక తరం కాల్చింది, ఇంకో తరం బూడిదలో మిగిలినవి ఏరింది. ఆ సంపుటాలు మా కాలేజీ లైబ్రరీలో చూశాను. బరువుకి చేతులు నొప్పి పుడతాయి కానీ కింద పెట్టబుద్ధి కాదు.

ఇందులో మన హైదరాబాద్ కూడా ఉంది. 1936 చివర్లో అజంతా చూసుకుని ఆమె దక్షిణాదికి వచ్చింది. హైదరాబాద్‌లో బొమ్మలు చూపించింది. సాలార్‌జంగ్ చూశాడు గానీ కొనలేదు. ఆమె బొమ్మలు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉండాల్సిన అవకాశం అలా పోయింది. ఆ మ్యూజియంకి వెళ్లినప్పుడల్లా నాకిదే గుర్తొస్తుంది.

గోదారిగట్టు · బుధవారం, మధ్యాహ్నం 1:45

ఇంత దూరం వెళ్లి వచ్చారు, మా రాజమండ్రికి ఎవరూ రాలేదు. దామెర్ల రామారావు పేరు ఎవరూ ఎత్తకపోతే ఎలాగండీ?

1897లో పుట్టారు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే దొర గుర్తించి ప్రోత్సహించారు, అడివి బాపిరాజుకి కూడా ఆ దొరే గురువు. రామారావు గారు బొంబాయి జేజే ఆర్ట్ స్కూల్లో చదివి వచ్చారు. 1925లో మశూచికం వచ్చి పోయారు, 28 ఏళ్లు నిండలేదు. ఇందాక షేర్‌గిల్ వయసు చదువుతుంటే నాకు ఈయనే గుర్తొచ్చారు. సత్యవాణి గారు ఆయన భార్య. ఆయన మొదలుపెట్టిన చిత్రకళ బడిని స్నేహితుడు వరదా వెంకటరత్నం గారు నడిపించారు. ఇక్కడ నిలబెట్టింది ఇంట్లోవాళ్లూ, స్నేహితులూ కలిసి.

గోదావరి దగ్గరే ఆయన పేరున ఆర్ట్ గ్యాలరీ ఉంది. పుష్పాలంకారం, సిద్ధార్థ రాగోదయం అక్కడ చూడొచ్చు. పుష్కరాలకి వచ్చే జనంలో వందోవంతు మంది లోపలికి వచ్చినా సంతోషమే. నేను చిన్నప్పటి నుంచీ వెళ్తున్నాను. మధ్యాహ్నం పూట ఎవరూ ఉండరు, ఫ్యాను చప్పుడు, ఆ ఆడవాళ్ల జడల్లో పూలు. యో మీద వచ్చినంత పుస్తకం ఒకటి సత్యవాణి గారి మీద తెలుగులో రావాలని నా కోరిక. నీటిరంగు గారూ, మీకు కోనసీమ నుంచి గంటన్నర. వస్తే చెప్పండి, దగ్గరుండి చూపిస్తాను.

కాగితంపని · బుధవారం, రాత్రి 8:50

పాత కాగితాలు బాగుచేసే పనిలో 20 ఏళ్లుగా ఉన్నాను. పుస్తకాల గురించి చెప్పేవాళ్లున్నారు కాబట్టి నేను పెట్టె గురించి చెప్తాను.

దయచేసి లామినేషన్ చేయించకండి. ఇది మొదటి మాట, చివరి మాట కూడా. ప్రేమతో లామినేషన్ చేయించిన బొమ్మలు నా దగ్గరికి వస్తుంటాయి, వాటిని విడదీయడం నా వల్ల కాదు. సెల్లోటేపు, ఫెవికాల్ వద్దు. గోధుమ చుక్కల్ని రబ్బరుతో రుద్దొద్దు. ఎండలో ఆరబెట్టొద్దు, ఫ్యాను కింద నీడలో ఒక్కొక్కటీ పరవండి. తర్వాత ఆసిడ్ లేని పల్చటి కాగితం మధ్యమధ్యలో పెట్టి పడుకోబెట్టే దాచండి, చుట్టొద్దు. గోనెసంచి, ఇనప పెట్టె రెండూ వద్దు. నాఫ్తలీన్ ఉండలు బొమ్మకి తగలకూడదు. వెనక నంబరు వేయాలంటే మెత్తటి పెన్సిలుతో, అంచున, నొక్కకుండా. బాల్‌పెన్ను గుర్తు రెండోవైపుకి దిగుతుంది.

రంగుల గురించి నాన్నగారు ఎక్కడైనా రాసి ఉంటే ఆ కాగితం పారేయకండి. రంగు వెలిసిపోతుంది, మాట వెలవదు. వాన్ గో పడకగది బొమ్మలో గోడలు ఇప్పుడు నీలంగా కనిపిస్తాయి. కానీ 1888 అక్టోబరులో తమ్ముడికి రాసిన ఉత్తరంలో గోడలు లేత ఊదా అని స్పష్టంగా ఉంది. అందులోని ఎరుపు వెలుతురుకి పోయింది. ఆ ఉత్తరం లేకపోతే ఆయన ఊదా గది మనకి తెలిసేదే కాదు. మాస్టారు గారి అభ్యంతరానికి నా వైపు నుంచి ఇదొక జవాబు.

ఐంధోవెన్_నుంచి · గురువారం, తెల్లవారుజాము 1:30

కాగితంపని గారూ, ఊదా గోడల సంగతి చదివి ఉత్తరం తెరిచి చూశాను. ఇవాళ ఎవరైనా చూడొచ్చు. 2009లో వచ్చిన ఆరు సంపుటాల్లో మొత్తం 902 ఉత్తరాలు, అందులో 819 విన్సెంట్ రాసినవి. పుస్తకం కొనక్కర్లేదు, ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు, చేతిరాత ఫొటోలతో సహా. యో డైరీలు కూడా అలాగే పెట్టారు.

యో కొడుకు ఇంజినీరయ్యాడు. ఇక్కడ ఆయన్ని "ఇంజినీరు" అనే పిలిచేవారు. తల్లి 1925లో పోయాక బొమ్మలు దాదాపు ఏమీ అమ్మలేదు. 1960లో ఫౌండేషన్ పెట్టి అన్నీ ఒకచోట ఉంచాడు. 1973లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మ్యూజియం తెరిచారు. ఆయన పుట్టినప్పుడు పెదనాన్న వేసి పంపిన బాదంపూల బొమ్మ అక్కడే ఉంది. నీలం ఆకాశం, తెల్లటి పూలు. పోయిన ఏడాది మా పాపని ఎత్తుకుని దాని ముందు నిలబడ్డాను. పసిపిల్లవాడి కోసం వేసింది కదా, అది ఎత్తు నుంచి కాకుండా కింద పడుకుని పైకి చూసినట్టు ఉంటుంది.

యో అమ్మిన వాటిలో ఒకటి మాత్రం కష్టంగా అమ్మింది. లండన్ నేషనల్ గ్యాలరీ వాళ్లు పొద్దుతిరుగుడు పూలు అడిగితే మొదట కాదంది. 30 ఏళ్లకు పైగా రోజూ చూసుకున్న బొమ్మ, విడిచి ఉండలేనంది. 1924లో చివరికి ఇచ్చింది, విన్సెంట్ పేరు కోసం.

నీటిరంగు · ఆదివారం, రాత్రి 9:30

వారం అయింది. పెట్టె మా ఇంటికి వచ్చింది, అన్నయ్యే తెచ్చాడు. అమ్మ కూడా వచ్చింది.

హాల్లో మంచాలు పక్కకి జరిపి, కాగితంపని గారు చెప్పినట్టు పాత పంచెలు పరిచి నీడలో ఆరబెట్టాం. నిన్న, ఇవాళ కూర్చుని నంబర్లు వేశాం. అన్నయ్య ఫొటో తీస్తాడు, అమ్మ చెప్తుంది, నేను పెన్సిలుతో వెనక రాస్తాను, నోటుబుక్కులో కూడా రాస్తాను. లెక్క 140 కాదు, 153.

అమ్మ పెద్దగా చదువుకోలేదు. కానీ ఏది ఎక్కడిదో చూడగానే చెప్పేస్తోంది. "ఇది మా పుట్టింటి వెనకాల చెరువు. ఇది తుఫాను ముందు, ఆ చెట్టు తర్వాత లేదు. వీడు సుబ్బడు, మీ నాన్న దగ్గర ట్యూషన్‌కి వచ్చేవాడు." తేదీలు రాకపోయినా ఏ బిడ్డ కడుపులో ఉన్నప్పుడో, ఏ తుఫానుకి ముందో చెప్తోంది. అలా 60 దాకా ఏళ్లు తేలాయి.

41వ దాని దగ్గర ఆగింది. ఒకావిడ అరుగు మీద కూర్చుని, వీపు మనవైపు పెట్టి, ఏవో గుడ్డలు చుడుతోంది. పక్కన ఫ్రేములు గోడకి ఆనించి ఉన్నాయి. నేను పనిమనిషి అనుకున్నాను. అమ్మ చాలాసేపు చూసి, "ఇది నేనే. ఆ చీర నాకు తెలుసు. నాకెప్పుడూ చూపించలేదు" అంది.

వెనక రాశాను: 41. అమ్మ. 1979, ఎగ్జిబిషన్‌కి ముందు రోజు.

గోదారిగట్టు గారూ, వచ్చే నెల రెండో శనివారం మేం ముగ్గురం రాజమండ్రి వస్తున్నాం. గ్యాలరీ మధ్యాహ్నం తెరిచే ఉంటుందా?

గోదారిగట్టు · ఆదివారం, రాత్రి 9:58

రెండో శనివారం ఒకసారి కనుక్కుని రేపు చెప్తానండీ. భోజనం మాత్రం మా ఇంట్లోనే. అమ్మగారికి మెట్లు ఇబ్బందా?